ఆపరేషన్‌కి పోయి ఉత్తచేతులతో వచ్చిన కథ

ఆ రోజుల్లో నా అంత ధైర్యవంతుడు గోదావరికి ఇవతలి ఒడ్డున లేడని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (అవతలి ఒడ్డు సంగతి నాకు తెలియదు, పడవెక్కాలంటే భయం.) ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం. దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఒక చిన్న కోయ ఊళ్ళో పశువుల దవాఖానాలో సహాయకుణ్ణి. కాగితం మీద నా హోదా చాలా పొడుగ్గా ఉండేది కానీ చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ నేను బర్ల కంపౌండర్‌నే. బర్రెలకు సూదులు వేయడం, కోడెలకు విత్తులు నొక్కడం, మేకలకు పురుగుల మందు తాగించడం, బర్రె ఈనలేక అవస్థ పడుతుంటే భుజందాకా చెయ్యి పెట్టి దూడను సరిచేయడం, అన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. మా డాక్టరు సారు మూడు దవాఖానాలకు ఒక్కరే కాబట్టి మా ఊరికి వారానికి రెండు రోజులే వచ్చేవారు. మిగతా రోజులు రాజ్యం నాది. ఆ రాజ్యంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడిన మందు "ఏం కాదు" అనే మాట. సూదికి బర్రె బెదిరితే దాని మెడ నిమిరి "ఏం కాదు" అనేవాణ్ణి. బర్రె గలవాడు బెదిరితే వాడి భుజం తట్టి "ఏం కాదు" అనేవాణ్ణి. ఇద్దరూ నమ్మేవారు, బర్రె కాస్త తక్కువగా.

నాకే సూది పడాల్సి వస్తే మాత్రం అది వేరే సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టరు సారు నన్ను ధనుర్వాతం సూది వేయించుకోమని మందు చేతికిచ్చారు. నేనే పొడుచుకుంటాను సార్ అని గొప్పగా చెప్పి, దవాఖానా వెనక్కి పోయి, ఆ మందును వేపచెట్టు మొదట్లో పోశాను. ఆ ఏడంతా వేపచెట్టుకు ధనుర్వాతం రాలేదు. నాకూ రాలేదు కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నాను.

ఇలా ఉండగా ఒక చలికాలం పొద్దున ఒక తొలిచూలు బర్రెపడ్డ ఈనలేక పడిపోయింది. దూడ అడ్డం తిరిగింది. దాని కాళ్ళకు తాడు కట్టి, నా రెండు కాళ్ళూ పాక గుంజకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాను. దూడ బయటికి వచ్చింది. దాంతోపాటు నాలోనూ ఏదో బయటికి వచ్చింది. కుడి తొడ పొట్టను కలిసే చోట నిమ్మకాయంత ఉబ్బు. నేను పడుకుంటే అదీ పడుకునేది, నేను లేస్తే అదీ లేచేది. వైద్యం తెలిసినవాణ్ణి కదా, వెంటనే రోగం కనిపెట్టాను. దూడలకు బొడ్డు దగ్గర ఇలాగే ఉబ్బుతుంది, లోపలికి నొక్కి గుడ్డతో గట్టిగా కట్టు కడితే చాలావాటికి తగ్గిపోతుంది. మా అమ్మ పాత చీర అంచు చింపి, ప్యాంటు లోపల దూడకు కట్టినట్టే కట్టు కట్టుకుని, నాలుగు నెలలు తిరిగాను. చలికాలంలో అది బాగానే ఉండింది. ఎండాకాలం వచ్చాక, ఆ ప్రాంతంలో ఎండ ఎలా ఉంటుందో ఎరిగినవాళ్ళు నా మీద జాలిపడాలి. కొత్త చెప్పులు కరిచినవాడిలా నడిచేవాణ్ణి, అడిగినవాళ్ళకు చెప్పులే కరిచాయని చెప్పేవాణ్ణి. నాలుగు నెలలు చెప్పులు కరవడమేమిటని ఎవరూ అడగలేదు, అదొక్కటి అదృష్టం.

చివరికి అడిగింది మా డాక్టరు సారే. "ఏందయ్యా, ఎనక కాలు బెణికిన ఎద్దు లెక్క నడుస్తున్నవ్" అని, తలుపు వేసి, పశువులను నిలబెట్టే ఇనప బోనులోనే నన్ను నిలబెట్టి చూశారు. (పడుకోబెట్టడానికి మా దవాఖానాలో బల్ల లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు బల్లతో పనుండదు.) ఆయన చీర అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూశారు. "నువ్వు దూడవా" అని అడిగారు. "ఇది కట్టు కడితే పోయేది కాదు. పేగు జారింది. ఎప్పుడన్న ఇరుక్కుందనుకో, ఏమైతదో నేను నీకు చెప్పాల్నా" అన్నారు. చెప్పనక్కర్లేదు. పేగు ఇరుక్కున్న దూడ ఒకటి నా చేతుల్లోనే ఒక్క పగలులో పోయింది. ఆయన ఉత్తరం రాసి భద్రాచలంలో ఒక నర్సింగ్ హోంకు పంపారు. అక్కడి సర్జన్ కూడా అదే మాట చెప్పి, చేసే పని చిన్నదనీ ఆలస్యం చేస్తేనే పెద్దదవుతుందనీ అని, మే నెలాఖరులో రోజు ఖాయం చేశారు.

ఊళ్ళో మాత్రం కడుపులో గడ్డ అని చెప్పాను. ఊళ్ళోని కోడెలన్నిటికీ విత్తులు నొక్కినవాణ్ణి నేనే. నాకూ ఆ చోటికి అంత దగ్గరలో కత్తి పడుతుందని తెలిస్తే ఆ ఊరి ఆడవాళ్ళ నోళ్ళకు నేను తట్టుకోగలనా? కోడెల ముందు కూడా తలెత్తుకోలేను. అందుకని గడ్డ. మా సారును కూడా బతిమాలి ఒప్పించాను.

నవ్వులాట పక్కన పెడితే, నాకు నిజంగా భయమేసింది కత్తికి కాదు, మత్తుకు. దానికి కారణం ఒక ఎర్రెద్దు. అంతకు ముందు ఏడు మా ఊళ్ళో ఒక ముసలమ్మ ఎద్దుకు కొమ్ము కేన్సరు వచ్చింది. కొమ్ము తీసేయాలి, అందుకు మత్తివ్వాలి. ఆవిడకు పిల్లల్లేరు, మొగుడు పోయి చాలా కాలమైంది, ఉన్నవి రెండెకరాల పోడు భూమి, ఆ ఎద్దు. "మల్ల లేస్తదా" అని ఆవిడ అడిగింది నన్నే. "ఏం కాదు పెద్దమ్మా, పొద్దుగూకక ముందే లేచి గడ్డి తింటది" అన్నాను. సారు పని సారు బాగానే చేశారు. ముసలి ఎద్దు, ఒంట్లో సత్తువ లేదు, మత్తులోంచి తేరుకోలేదు. ఆవిడ గంపెడు పచ్చగడ్డి కోసుకొచ్చి దాని మూతి దగ్గర పెట్టుకుని సాయంత్రందాకా కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అప్పటినుంచి నా మనసులో ఆవిడ పేరు ఎర్రెద్దు పెద్దమ్మ. ఆవిడ ఎదురొస్తే నేను పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఆపరేషన్ రోజు ఖాయమైనప్పటినుంచీ నాకు కళ్ళు మూస్తే ఆ గడ్డి గంపే కనపడేది.

కారేపల్లిలో ఉన్న మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, బస్సు ప్రయాణం పడదు. నాకు తోడుగా, ముఖ్యంగా ధైర్యం చెప్పడానికి, తన తమ్ముణ్ణి పంపింది. ఈ మేనమామకు ధైర్యం చెప్పడంలో మా చుట్టాల్లో పెద్ద పేరు. ఎవరు మంచాన పడ్డా ఆయనే పోయేవాడు. దవాఖానాలో నా మంచం పక్కన కాళ్ళు చాపుకుని మొదలుపెట్టాడు. "మత్తంటే ఏమనుకుంటున్నవ్ అల్లుడా, ఏముండదు. ఊపిరి ఆడుతుంటది, మనకు ఎరుకుండదు. ఆడుతున్నదో లేదో వాళ్ళు చూసుకుంటరు. నా దోస్తుకు గిట్లనే అప్పెండిసు కోసిండ్రు. మంచిగ లేచిండు. లేచినంక నెలకు పోయిండనుకో, అది పాము కరిచి. మా ఊరి పటేలుకు కూడ చేసిండ్రు. ఆయన లేవలే. కానీ ఆయనకు గుండెకాయ ముందుగాలనే మంచిగ లేదు. నీ గుండెకాయ మంచిదే గదా? చూపించుకున్నవా?" చూపించుకున్నానని చెప్పాను. "ఏమన్నరు?" అన్నాడు. బాగుందన్నారని చెప్పాను. "గట్లనే అంటరులే" అన్నాడు మామ.

ఆ పొద్దుటే ఆపరేషన్ జరగాలి. చేతికి సెలైన్ సూది గుచ్చి పట్టీ వేశారు. గుచ్చేటప్పుడు నేను పెట్టిన కేకకు పక్క మంచం మీద బాలింత ఉలిక్కిపడి లేచింది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి బ్లేడు పట్టుకుని వచ్చి, పరదా లాగి, కోయాల్సిన చోట శుభ్రం చేశాడు. నేను ఎన్ని పశువులకు ఆ పని చేశానో లెక్కలేదు. చేసేటప్పుడు ఈల వేసుకుంటూ చేసేవాణ్ణి. ఈయనా ఈల వేస్తూనే చేశాడు. పశువులకు ఆ ఈల ఎలా వినిపిస్తుందో నాకు ఆ రోజు తెలిసింది, అప్పటినుంచి మానేశాను. ఆయన పోయాక ఒక్కణ్ణే పడుకుని ఉన్నప్పుడు నాకు ఉద్యోగంలో నేర్చుకున్న ఒక ముక్క గుర్తొచ్చింది. మేత మేసిన పశువుకు మత్తివ్వం, వెనక్కి పంపేస్తాం. పక్కనే మామ తనకోసం తెచ్చుకున్న అరటిపళ్ళు ఉన్నాయి. సిస్టర్ వచ్చి "ఏమన్న తిన్నవా" అని అడిగేసరికి నేను అబద్ధం ఆడడం పాపమన్న ముఖం పెట్టి, "అరటిపండు తిన్న సిస్టర్" అన్నాను. "ఎన్ని?" "రెండు." (నిజానికి నాలుగు. రెండో పండు దగ్గర భయం తగ్గలేదు.) మేసిన పశువు విషయంలో మేం పశువును తిట్టం, దాన్ని పట్టుకొచ్చినవాణ్ణి తిడతాం. అక్కడా అదే పద్ధతి. తిట్లన్నీ మామకు పడ్డాయి. "రేపు పొద్దున మొదటి కేసు నీదే" అని నాకు చెప్పి, మిగిలిన పళ్ళు పట్టుకుని సిస్టర్ వెళ్ళిపోయింది. ఒక్క రోజు సంపాదించానన్న సంతోషంలో ఆ పగలంతా కులాసాగా గడిపాను.

మర్నాడు తెల్లారేసరికి ఆ కులాసా లేదు, అరటిపళ్ళూ లేవు. నేల మీద చాప పరుచుకుని పడుకున్న మామ నడుం పట్టేసి మూలుగుతున్నాడు. "నేను ముఖం కడుక్కొచ్చేదాక మంచమ్మీద పడుకో మామా" అని ఉదారంగా చెప్పి, దుప్పటి కూడా కప్పి, చొక్కా ప్యాంటూ సంచిలో పెట్టుకుని స్నానాల గదిలోకి పోయాను. ముఖం కడుక్కోవాలనే పోయాను, ఒట్టు. కానీ ఆ గదికి రెండో తలుపు ఉంది, ఆ తలుపు తీస్తే రోడ్డు, ఆ రోడ్డుకు చివర బస్టాండు. దుమ్ముగూడెం వైపు పోయే మొదటి బస్సు నాకోసమే ఆగినట్టు ఆగి ఉంది. కిటికీ పక్కన కూర్చుని, సూది ఉన్న చేతిని జేబులో దాచుకున్నాను. బస్సు ఊరు దాటి, ఒక పక్క గోదావరి, ఒక పక్క తునికి చెట్లు కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. రేపో మాపో పేగు ఇరుక్కుంటుందన్న సంగతి, పేగుతో సహా, నేను పూర్తిగా మర్చిపోయాను.

నేను మర్చిపోయిన సంగతి ఇంకొకటి ఉంది. అవి విత్తనాల పండుగ రోజులు. దుక్కులకు ముందు కోయ ఊళ్ళల్లో జరిగే పండుగ అది. మగవాళ్ళు రోజూ పొద్దున్నే విల్లులు పట్టుకుని వేటకు అడవికి పోతారు. (ఫారెస్టు వాళ్ళ భయంతో ఇప్పుడు వేట పేరుకే. ఒక పిట్టో, ఒక ఎలుకో దొరికితే చాలు.) ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా గడకర్ర కట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాట పాడి, తలా కాస్త పండుగ మామూలు పుచ్చుకుని వదులుతారు. ఈ పండుగలో చట్టం ఒకటుంది. వేటకు పోయి ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాణ్ణి ఇంట్లోకి రానివ్వరు. ఆడవాళ్ళందరూ చేరి పేడనీళ్ళు పోసి, నానా మాటలూ అని, మళ్ళీ అడవికే తోలేస్తారు. నిరుడు ఊరి పెద్దకే పోశారు, నేను దవాఖానా అరుగు మీంచి చూసి కడుపుబ్బ నవ్వాను.

మా ఊరు ఇంకా అర కిలోమీటరు ఉందనగా బస్సు ఆగింది. గడకర్ర, పాట, డప్పు, పదిహేను మంది ఆడవాళ్ళు. నేను సీట్లో కిందికి జారాను. కండక్టరు మామూలు ఇచ్చాడు, కర్ర లేవబోయింది, అంతలో కిటికీలోంచి ఒక ముఖం లోపలికి చూసింది. ఎర్రెద్దు పెద్దమ్మ. "ఏంది కంపౌండర్, అప్పుడే వచ్చినవ్. కోసిండ్రా?"

"కోసిండ్రు పెద్దమ్మా" అన్నాను.

"రెండు రోజులకే బస్సెక్కినవా. నా మేకపోతుకు కుట్లేసిన్నాడు పదిరోజులు కదలనియ్యొద్దని నువ్వే చెప్తివి."

"చిన్న కోత పెద్దమ్మా."

"ఆ చెయ్యి జేబుల ఎందుకు పెట్టినవ్?"

"చలి పెడుతుంది" అన్నాను. మే నెలాఖరులో, ఇంజను మీద గుడ్డు పెడితే ఉడికే ఎండలో, ఈ మాట అన్నాను. బస్సంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది.

ఆవిడ బస్సెక్కి, నా చెయ్యి జేబులోంచి బయటికి తీసింది. పశువులకు సెలైన్ ఎక్కించడం ఆ ఊళ్ళో చూడనివాళ్ళు లేరు, ఆ సూది ఎందుకు పెడతారో, ఎప్పుడు తీస్తారో అందరికీ తెలుసు. ఆవిడ కిందికి చూసి కోయలో ఏదో ఒక్క ముక్క చెప్పింది. నాకు ఆ భాష అంతగా రాదు కానీ తర్వాత వచ్చిన నవ్వు బాగానే అర్థమైంది. ఒక కోడలు పిల్ల అందరికీ వినపడేలా తెలుగులో అంది, "పోయినోడు ఉత్తచేతులతో వచ్చిండు." దాంతో నా తీర్పు అయిపోయింది. నేను వేటకు పోలేదనీ, ప్రభుత్వ ఉద్యోగిననీ, ఈ చట్టం నాకు వర్తించదనీ చాలా వాదించాను. వాళ్ళు శ్రద్ధగా విన్నారు, వింటూనే కుండ తెచ్చారు. కండక్టరు "జల్దీ కానియ్యండ్రి, నాకు టైమైతుంది" అని, నా సంచి తడవకుండా తీసి పక్కన పెట్టాడు. మొదటి చెంబు నెత్తి మీద, రెండోది వీపు మీద, మిగతావి ఎవరికి తోచిన చోట వాళ్ళు. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి సలహాలు చెప్పారు. నేను వైద్యం చేసిన బర్రెల పేడే అది, ఆ సంగతి వాసన చూసి చెప్పగలను.

బస్సు పోయింది. నేను ఇప్పచెట్టు కింద కూర్చున్నాను. ఎర్రెద్దు పెద్దమ్మ మంచినీళ్ళ బిందె తెచ్చి నా ముఖం మీద పోసి, తన కొంగుతోనే తుడిచింది. అప్పటిదాకా నవ్వుతున్న మనిషి మెల్లగా అడిగింది, "భయమైందా?"

నాకు అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. మామ అడగలేదు, సర్జన్ అడగలేదు, నేను కూడా నన్ను అడగలేదు. "అవ్ పెద్దమ్మా" అన్నాను. "నీ ఎద్దు యాదికొస్తుంది. నేను నీకు ఏం కాదని చెప్పిన. లేవలే. నేను గూడ లేవనేమోనని..." అని ఆగిపోయాను. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, పేడ కారుతున్న చొక్కాతో, అంతమంది ఆడవాళ్ళ ముందు ఏడ్చాను. అంతకుముందు నవ్వినవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు.

"ముసలి ఎద్దు. కొమ్ము పురుగు తినే. కోయకున్నా పోయేదే" అంది పెద్దమ్మ. "నువ్వు ఏం కాదంటే నమ్మిన. నమ్మినందుకు ఆ పొద్దు నాకు మంచిగనే ఉండె. నాకు కోపం దేని మీదనంటే, ఎద్దు పోయినంక నువ్వు నన్ను చూసి సందుల్లకు తప్పుకుంటివి. ఒక్కపొద్దన్న వచ్చి నా పక్కన కూసుంటివా?" నా చెవి వెనక మిగిలిన పేడ కూడా తుడిచింది. "నేను నీకు ఏం కాదని చెప్పను. ఏమైతదో నాకేం ఎరుక, నేనేమన్న డాక్టర్‌నా? నేనొచ్చి బయట కూసుంట. నువ్వు లేచేదాక కూసుంట. నడువు" అంది.

అలా తర్వాత వచ్చిన భద్రాచలం బస్సుకు కూడా గడకర్ర అడ్డం పడింది. ఆ కండక్టరు నా వాలకం చూసి ఎక్కనివ్వనన్నాడు. పెద్దమ్మ ఏం చెప్పిందో నాకు తెలియదు కానీ అతను వెనక సీటు మొత్తం మాకు వదిలేశాడు. పెద్దమ్మ, ఆ కోడలు పిల్ల, మధ్యలో నేను. దారిలో పెద్దమ్మ ఇంకో సంగతి అడిగింది. "కడుపుల గడ్డ అంటివి గదా, ఏ పక్కకు?" నేను ఇంక దాచదలచుకోలేదు, నిజం చెప్పాను. కోడలు పిల్ల కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. దుమ్ముగూడెం దాటేదాకా ఆ అమ్మాయి భుజాలు అదురుతూనే ఉన్నాయి.

దవాఖానాలో పరిస్థితి నేను అనుకున్నట్టు లేదు. అక్కడ నన్ను ఎవరూ వెతకడం లేదు, మామ చుట్టూ మూగి ఉన్నారు. జరిగిందేమిటంటే, నేను కప్పిన దుప్పటిని మామ నెత్తిదాకా లాక్కుని హాయిగా నిద్రపోయాడు. మొదటి కేసు నాదే కదా, ట్రాలీ వచ్చింది. మంచం మీది మనిషిని దుప్పటితో సహా ట్రాలీ మీదికి మార్చారు. థియేటర్ తలుపు దగ్గర సిస్టర్ పేరడగడానికి దుప్పటి తీస్తే యాభై ఏళ్ళ మనిషి, బుర్రమీసాలు. ఆ సిస్టర్ ముఖమూ, పైన గుండ్రటి దీపాలూ చూసి మామ పెట్టిన కేక బజారుదాకా వినపడిందట. నేను పోయేసరికి ఆయన మంచం అంచున కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. గ్లాసు పళ్ళకు కొట్టుకుంటోంది. నన్ను చూసి, "అల్లుడా, నీకు ఇంకేం ధైర్యం చెప్పను" అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఆయన చెప్పిన వాటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే. సిస్టర్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ముక్కు మూసుకుని, అలవాటుగా అడిగింది, "ఏమన్న తిన్నవా?" "పేడనీళ్ళు తప్ప ఏం తినలే సిస్టర్" అన్నాను. నాకు రెండుసార్లు స్నానం చేయించి, సూది మార్చి, మధ్యాహ్నం లోపలికి తీసుకుపోయారు.

అక్కడ తెలిసింది అసలు విషయం. మత్తు డాక్టరు నన్ను కూర్చోబెట్టి, వంగమని, వెన్నులో ఒక సూది ఇచ్చారు. (కేక పెట్టాను. ఒకటే, చిన్నది.) కాళ్ళు మొద్దుబారాయి. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, మా అమ్మను తలచుకుని, లోకం మాయమయ్యే క్షణం కోసం ఎదురుచూశాను. చాలాసేపు చూశాను. లోకం మాయం కాలేదు. ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, ఫ్యాను చప్పుడు. "సార్, నాకింకా నిద్ర రావట్లే" అన్నాను భయంగా. సర్జన్ తెర అవతలినుంచి, "నీకు నిద్ర ఎందుకు? మత్తు నడుం కిందికే. సగం పని అయిపోయింది" అన్నారు. ఇన్ని రోజులు మత్తు, మత్తు అని చచ్చిపోయిన నేను, ఎలాంటి మత్తిస్తారని ఒక్కసారి ఎవరినీ అడగలేదు. అడిగితే భయపడుతున్నానని తెలిసిపోతుందని. ఆ కాస్త పరువు కోసం నాలుగు అరటిపళ్ళు తిని, బస్సెక్కి, పేడలో తడిసి వచ్చాను. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి సర్జన్‌తో మాటలు కలిపాను. ఆయన ఇంట్లో ఆవు పాలు తగ్గించిందట. మేత ఏం వేస్తున్నారు, ఉప్పు గడ్డ పెడుతున్నారా, పురుగుల మందు ఎప్పుడు పట్టారు అని ఆపకుండా అడిగాను. ఆయన నా పొట్ట కుడుతూ, నేను ఆయన ఆవుకు వైద్యం చెబుతూ గంట గడిచింది.

బయట తలుపు దగ్గర పెద్దమ్మ నేల మీద కూర్చుంది. లోపలినుంచి ఎవరు వచ్చినా "లేచిండా" అని అడుగుతోంది. మూడోసారి అడిగితే సిస్టర్ విసుక్కుని, "పండుకుంటే గదా అమ్మా లేవడానికి. ఒక్కతీరుగ మాట్లాడుతనే ఉన్నడు, సారుకు కుట్లు కూడ సరిగ వేయనిస్తలేడు" అంది. ట్రాలీ బయటికి వచ్చినప్పుడు పెద్దమ్మ నా ముఖం మీదికి వంగి చూసింది. కళ్ళు తెరిచి ఉన్నాయో లేదో వేలితో రెప్ప ఎత్తి మరీ చూసింది, నేను పశువులకు చూసినట్టే. గోడకు ఆనుకుని కొంగు ముఖం మీద వేసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆవిడ నాకోసం ఏడ్చిందో, ఎద్దు కోసం ఏడ్చిందో నేను అడగలేదు.

నెల సెలవు తర్వాత ఊరికి పోతే, నా గడ్డ అసలు ఎక్కడుందో చిన్నపిల్లలతో సహా అందరికీ తెలిసిపోయి ఉంది. కోడెను పట్టుకొచ్చిన ప్రతివాడూ "కంపౌండర్, దీనికి గూడ వెన్నుల సూదేసి చెయ్యరాదూ" అని అడిగేవాడు. భరించాను. "ఏం కాదు" అనడం మాత్రం మానేశాను. ఎవరి బర్రెకు కత్తి పడాల్సి వచ్చినా, "ఏమైతదో చూద్దాం, నేనిక్కడనే కూసుంట" అనేవాణ్ణి. కొత్తలో జనం భయపడ్డారు, కంపౌండర్‌కు పని రావట్లేదనుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. నేను అక్కడ పనిచేసిన ఐదేళ్ళలో కూర్చుని కూర్చుని నా ప్యాంట్లన్నీ ఒకేచోట చిరిగేవి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, నాకు నలభై దాటాయి, ఖమ్మంలో ఆఫీసు ఉద్యోగం, పోయిన వారం పిత్తాశయంలో రాళ్ళున్నాయని, తీసేయాలని డాక్టరు చెప్పారు. ఈసారి పూర్తి మత్తేనట, అడిగి తెలుసుకున్నాను. "ఎప్పుడైనా సరే డాక్టర్ గారూ" అని నేను గంభీరంగా అనేసరికి మా ఆవిడ నావైపు గర్వంగా చూసింది. ఇంటికొచ్చాక ఆవిడ వంటింట్లోకి పోగానే ఫోను తీసి, ఆ తేదీ పొద్దున దుమ్ముగూడెం వైపు బస్సులు ఏ వేళకు ఉన్నాయో చూశాను. ఎందుకు చూశానో నాకే నవ్వొచ్చింది. పెద్దమ్మ పోయి నాలుగేళ్ళయింది, ఆ కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, పోయి కూర్చోలేకపోయాను. ఈసారి బస్సెక్కితే మధ్యలో ఆపి దించేవాళ్ళు ఎవరూ లేరు కదా అని కాసేపు సంబరపడ్డాను. తర్వాత ఆ మాటకే దిగులేసింది. ఫోను పక్కన పెట్టి, వంటింట్లోకి పోయి, "నాకు భయంగా ఉంది" అని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.